‘వెళ్లు’ అన్న మాట

నేను ఒక చిన్న తెరచాప పడవని. పొడవు పదకొండడుగులు. ఇద్దరు కూర్చుంటే నిండిపోతాను. ఒక తెరకొయ్య, దాని అడుగున అటూ ఇటూ ఊగే అడ్డుకర్ర, ఒక చుక్కాని, నా పొట్ట మధ్య చీలికలోంచి నీళ్లలోకి దించే పలక. ఇంతే నా ఆస్తి. చేపలు పట్టను, సరుకు మొయ్యను, ఎవరినీ ఏ రేవుకీ చేర్చను. నన్ను ఎక్కినవాళ్లు ఎక్కినచోటే దిగుతారు. మధ్యలో జరిగేదాని కోసమే మనుషులు నన్ను చేయించుకున్నారు.

నన్ను చేసినవాడు తాళ్లరేవులో సంగాని నూకరాజు. అతని చేతిమీద తయారైనవన్నీ సముద్రం మీదికి వేటకు వెళ్లే పెద్ద నావలే. కాకినాడ పోర్టులో ఇంజనీరుగా పనిచేసే దక్షిణామూర్తిగారు ఏదో విదేశీ పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ పట్టుకుని అతని దగ్గరికి వచ్చారు. నూకరాజు ఆ కాగితాన్ని తిరగేసి మరగేసి చూశాడు.

“ఏటండి బాబూ ఇది? సేపలెక్కడెడతారండి ఇందులో?”

“చేపలకి కాదు నూకరాజూ. ఊరికే గాలికి తిరగడానికి.”

“ఊరికేనా?” అని నవ్వాడు. కానీ పని మాత్రం ఊరికే చెయ్యలేదు. నా ముందూ వెనకా నీళ్లు చొరని ఖాళీ పెట్టెలు రెండు బిగించి, వాటిమీద పిడికిలితో కొట్టి చూసుకున్నాడు. అప్పగించే రోజున ఒక మాట చెప్పాడు: “ఇంత తేలిక్కి ఇంత తెరసాప. బోల్తా కొడతాదండి, కొట్టక మానదు. కొట్టినా ములగదు. ఏదేమైనా పడవనొదలకండి బాబూ.”

దక్షిణామూర్తిగారికి అప్పుడు నలభై దాటాయి. పొట్ట వచ్చింది, ఈత అంతంతమాత్రం. మొదటి నెలలో నా నుంచి పదకొండుసార్లు నీళ్లలో పడ్డారు. అడ్డుకర్ర తగిలి నుదురు బొప్పి కట్టింది. పోర్టులో పెద్ద పెద్ద ఓడల యంత్రాలకి మందు చెప్పే మనిషి, చారెడు గుడ్డలో గాలి ఎలా నిలుస్తుందో తెలియక పసివాడిలా తికమకపడేవారు. ఒక డిసెంబరు ఉదయం అది తెలిసింది. తాడు కాస్త లాగారు, చుక్కాని కాస్త వదిలారు, ఒళ్లు నా అంచు బయటికి వాల్చారు. నా అడుగు నీళ్లను కోస్తూ సన్నగా పాడటం మొదలుపెట్టింది. ఆయన గట్టిగా నవ్వారు. ఆఫీసులో ఎవరూ విని ఉండని నవ్వు. ఆ సుఖం ఏమిటో మాటల్లో చెప్పలేను. యంత్రం లేదు, పొగ లేదు, ఎవరి ఆజ్ఞా లేదు. గాలి, నీళ్లు, వాటి మధ్య ఒక మనిషి బరువు. ఆ మూడూ సరిపోయిన క్షణంలో నేను పడవనని మరిచిపోయేదాన్ని.

మేం తిరిగేది కాకినాడ తీరానికీ హోప్ ఐలాండ్‌కీ మధ్యనున్న నీళ్లలో. సముద్రానికి అడ్డంగా పడుకున్న పొడవాటి ఇసుకతిన్నె అది. దానివల్ల లోపల అలలు చిన్నవి, లోతు తక్కువ, అడుగంతా బురద. చూసినవాళ్లు చెరువంత నిమ్మళం అనుకుంటారు.

రెండేళ్లకి ఆయనకి తోడు దొరికాడు. భార్య శ్యామలగారి తమ్ముడు కామేశం. ముప్పై నాలుగేళ్లవాడు, కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో గోదావరిని అడ్డంగా ఈదినవాడు. లైఫ్ జాకెట్ తొడుక్కోమంటే దాన్ని మడిచి కిందేసుకుని కూర్చునేవాడు. “చేప మెడకి బెండు కడతావేంటి బావా?” అనేవాడు. బావ నవ్వి ఊరుకునేవారు. ఆ నవ్వి ఊరుకోవడాన్ని తప్పని నేనప్పుడు అనుకోలేదు.

ఎనభై మూడు జూన్‌లో మొదటి ఆదివారం. మధ్యాహ్నం రెండింటికి ఇద్దరూ నన్ను నీళ్లలోకి దింపారు. మూడున్నరకి పడమట మబ్బు లేచింది.

“తిరిగిపోదాం కామేశం.”

“ఇంకొక్క చుట్టు బావా. గాలి ఇప్పుడే కదా అందుకుంది.”

ఆయన మబ్బు చూశారు, నిండిన తెరచాప చూశారు, సరేనన్నారు. ఆ చుట్టులో నేను నిజంగా ఎగిరాను. తప్పులో నా వాటా నేను దాచుకోను. నాకూ ఆగాలని లేదు.

గాలి ఒక్క దెబ్బకి మళ్లింది. అడ్డుకర్ర ఇటునుంచి అటు కొట్టుకుంది, నేను పూర్తిగా తలకిందులయ్యాను. మామూలుగా అయితే పలకమీద నిలబడి లాగితే రెండు నిమిషాల్లో లేస్తాను. ఆ రోజు నా తెరకొయ్య కొస వెళ్లి అడుగు బురదలో దిగబడింది. ఇద్దరూ పలకమీదికెక్కి ఊగారు, లాగారు. నేను కదలలేదు. కామేశం జాకెట్ అప్పటికే అలలమీద ఎటో కొట్టుకుపోయింది. దక్షిణామూర్తిగారిది ఆయన ఒంటిమీదే ఉంది.

గాలివాన అరగంటలో వెలిసింది. ఎండ కూడా వచ్చింది. కడిగినట్టున్న వెలుగులో ఇసుకతిన్నె, దానిమీద లైట్‌హౌసు చేత్తో అందుకునేంత దగ్గరగా కనిపించాయి. గంటన్నర గడిచింది. ఒక్క నావ కూడా రాలేదు. దక్షిణామూర్తిగారి వేళ్లు కొంకర్లు పోయాయి, పళ్లు కొట్టుకుంటున్నాయి.

“ముప్పావుగంట ఈత బావా, అంతే. వెళ్లి ఎవరినైనా తీసుకొస్తాను,” అన్నాడు కామేశం.

ఆయన లైట్‌హౌసు వైపు చూశారు.

“వెళ్లనా?”

ఆయన కుడిచెయ్యి నన్ను వదిలి జాకెట్ ముడి మీదికి వెళ్లింది. ఆ కాసేపూ ఆయన బరువంతా ఎడమచేతి మీద పడింది కాబట్టి నాకు తెలుసు. ముడి విప్పలేదు. చెయ్యి మళ్లీ నా అంచు మీదికే వచ్చింది.

“వెళ్లు. త్వరగా ఎవరినైనా పంపు.”

కామేశం చాలా బాగా ఈదాడు. పావుగంటసేపు గీత గీసినట్టు లైట్‌హౌసు వైపే వెళ్లాడు. ఆ తర్వాత అతని తల లైట్‌హౌసుకి దగ్గర కావడం మానేసి ఉత్తరానికి జరగసాగింది. ఆటు మొదలైంది. లోపలి నీళ్లన్నీ బయటి సముద్రంలోకి వెళ్లిపోతున్నాయి. అతను ఒకసారి చెయ్యెత్తాడు. “చేరిపోయాడు,” అన్నారు దక్షిణామూర్తిగారు తనకి తనే. నాకు గొంతు లేదు.

పొద్దు వాలుతుండగా వేట నావ ఒకటి మమ్మల్ని చూసింది. ఆయన్ని పైకి లాగిన పెద్దమనిషి చుట్టూ చూసి అడిగాడు.

“ఇంకెవరన్నా ఉన్నారేటండి?”

“ఈదుకుంటూ వెళ్లాడు. ఈపాటికి ఒడ్డున ఉంటాడు.”

ఆ మనిషి నీళ్ల వైపు చూసి తలగుడ్డ తీశాడు. “ఆటుకెదురా? ఒడ్డు దగ్గిరున్నట్టే ఉంటాదండి బాబూ. లాగేత్తాదండి.”

వెలుగున్నంతసేపూ వెతికారు. కామేశం మూడోరోజు ఉప్పాడ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చాడు.

దక్షిణామూర్తిగారు ఒడ్డెక్కగానే అన్న మాట, “నేను వద్దన్నాను. వినలేదు.” పోలీసులకి అదే చెప్పారు. శ్యామలగారికి అదే చెప్పారు. కామేశం భార్య హైమవతికి చెప్పేసరికి ఆ మాటకి తడబాటు కూడా పోయింది. అందరూ నమ్మారు. కామేశం మొండివాడేగా అన్నారు. మనుషులు చనిపోయినవాడి మీద తప్పు ఎంత తేలిగ్గా మోపుతారో అప్పుడు చూశాను. అతను లేచి వచ్చి కాదనడు.

నన్ను పోర్టు వర్క్‌షాపు వెనక షెడ్డులో బోర్లించారు. పద్నాలుగు నెలలు అలాగే ఉన్నాను. ఆయన అప్పుడప్పుడు వచ్చి ఎదురుగా కూర్చుని వెళ్లేవారు. ఒకరోజు ఆయన ఉండగానే హైమవతి వచ్చింది. మహిళా కళాశాలలో లైబ్రేరియన్ ఆమె. పలచని మనిషి. చెప్పులు విప్పి షెడ్డులోకి వచ్చి నన్ను చూసింది.

“ఇదేనా అన్నయ్యగారూ?”

“ఇదేనమ్మా.”

“దీన్ని పట్టుకుని ఉంటే సరిపోయేదా?”

“సరిపోయేది.”

“ఆ సంగతి ఆయనకి తెలుసా?”

“తెలుసు.”

ఆమె తలూపింది. “తెలిసీ వదిలేశాడు. మీరు వద్దన్నా వదిలేశాడు. నేనొకదాన్ని ఇంట్లో ఉన్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదన్నమాట. ఇంట్లో ఆయన ఫొటో పెట్టలేదు అన్నయ్యగారూ. పెట్టబుద్ధి కాలేదు.”

దక్షిణామూర్తిగారు లేచి నిలబడ్డారు. మళ్లీ కూర్చున్నారు. “నేను వద్దనలేదు,” అన్నారు. “వెళ్లనా అని అడిగాడు. వెళ్లమన్నాను. నా జాకెట్ ఇద్దామని ముడిమీద చెయ్యేశాను. ఇవ్వలేదు. నాకు చచ్చేంత భయం వేసిందమ్మా.”

హైమవతి నా దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపి నా అడుగు చెక్క మీద ఆనించింది.

“అయితే ఆయన అడిగే వెళ్లాడు,” అంది చివరికి. తర్వాత ఆయన వైపు తిరిగింది. “వదినకి చెప్పారా?”

“లేదు.”

“ఈ రోజే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తాను. ఇంకోటి. ఈ పడవ నాకు కావాలి.”

తగలబెడుతుందనుకున్నాను. ఆమె నన్ను తమ కాలేజీ నేవీ క్యాడెట్లకి ఇచ్చింది. ఒక్క షరతు పెట్టింది. కొత్తగా చేరిన అమ్మాయిలకి తెరచాప నేర్పేముందు బోల్తా నేర్పాలి, నేర్పేది దక్షిణామూర్తిగారే కావాలి, నేర్పేటప్పుడు తనతో చెప్పినదంతా వాళ్లకీ చెప్పాలి.

అలా పంతొమ్మిదేళ్లు. ప్రతి ఏడూ కొత్త అమ్మాయిలు, నడుములోతు నీళ్లలో ఆయన. నన్ను కావాలని బోల్తా కొట్టించి, అరగంటసేపు నా అంచు పట్టుకుని వేలాడమనేవారు. మొదట కిలకిల నవ్వుకునేవాళ్లు. ఆయన చెప్పడం మొదలుపెట్టాక నవ్వులు ఆగిపోయేవి. ఒకమ్మాయి ఒకసారి సూటిగా అడిగేసింది, “మీకు ఈత రాకపోయినా మీ చేతిలో పడవుంది కదా సార్, జాకెట్ ఎందుకివ్వలేదు?” అని. “భయపడ్డానమ్మా,” అన్నారాయన. చెప్పుకుంటే బరువు తగ్గుతుందంటారు. ఆయనకి తగ్గలేదు. ప్రతి ఏడూ గొంతు ఇంకాస్త దిగేది. నిజం చెప్పిన రోజు నుంచీ ఇంట్లో శ్యామలగారు అన్నం పెడతారు, బట్టలు తీసిపెడతారు, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడరు. ఈ సంగతి ఆయన హైమవతితో అంటుండగా విన్నాను.

ఇప్పుడు ఆ కాలేజీకి ఫైబర్ పడవలు వచ్చాయి. నేను ప్రహరీగోడ పక్కన పడి ఉన్నాను. నా చెక్క పొరలు పొరలుగా ఊడిపోతోంది, లోపల పీతలు కాపురం పెట్టాయి. వచ్చే ఎండల్లో కట్టెలకింద కొడతారట. దానికి నాకు విచారం లేదు. నీళ్లలో నా చివరి ఆదివారం మాత్రం చెప్పి ముగిస్తాను.

ఆ రోజు హైమవతి పక్కన శ్యామలగారు వచ్చి ఒడ్డున నిలబడ్డారు. అంతకుముందెప్పుడూ రాలేదు. చెప్తున్నవారల్లా ఆమెని చూసి దక్షిణామూర్తిగారు ఆగిపోయారు. అమ్మాయిలు నన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

“చెప్పండి అన్నయ్యగారూ,” అంది హైమవతి.

ఆయన చెప్పారు. మబ్బు, బురద, ముడిమీద చెయ్యి, ‘వెళ్లు’ అన్న మాట. ఏదీ విడిచిపెట్టలేదు. శ్యామలగారు చివరిదాకా విన్నారు. తర్వాత చీర తడుస్తున్నా చూసుకోకుండా నీళ్లలోకి దిగి, మా దగ్గరదాకా నడిచొచ్చారు. మాట్లాడింది ఆయనతో కాదు, ఆ అమ్మాయిలతో.

“ఇంకొకటుందమ్మా. ఈయనకి కూడా తెలియదు. ఆ మధ్యాహ్నం భోజనం చేసి మా తమ్ముడు పడుకున్నాడు. ఒళ్లు బాగాలేదు, నేను రానన్నాడు. బావగారు ఒక్కరే వెళ్తున్నారు, తోడు వెళ్లరా అని నేనే తట్టి లేపాను.”

దక్షిణామూర్తిగారు ఆమెనే చూస్తూ నిలబడ్డారు. శ్యామలగారు కొంగుతో మొహం తుడుచుకుని, “అరగంటయిందా, ఇంకా ఉందా?” అని అడిగారు.

“ఇంకా పది నిమిషాలుందండీ,” అంది ఒకమ్మాయి.

“సరే, ఉంటాను,” అన్నారామె.