రాయి పలుకు

'నాపరాయి' బ్యాండు తొలి ఆల్బమ్ ఆ ఉదయమే నెట్‌లోకి వచ్చింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో కూర్చుని సరస్వతి మొదటి పాట పెట్టుకుంది. గిటార్ వాయించింది తనే, పాట కట్టింది తనే, అయినా వినీ వినగానే ఒళ్లు మండిపోయింది.

ఆ పాట మొదట్లో గిటార్లుండవు. వాళ్ల నాన్న గురుస్వామి సుత్తిదెబ్బలు మాత్రమే ఉంటాయి. ఆయన ఆళ్లగడ్డలో పేరున్న శిల్పి. రాయిని తట్టి చెవితో తేల్చడం ఆ ఇంటి పద్ధతి. గంటలా ఖంగుమంటే దేవుడికి పనికొస్తుంది, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టే. గుడికి పోబోయే అమ్మవారి రాయిని ఆయన తడుతుంటే సరస్వతే మైకు పట్టింది. పక్క షెడ్డులో రాళ్లు కోసే మిషన్ మోతకు ఆమెకు సరిగా వినబడలేదు. "గంటే పాపా" అన్నాడు నాన్న. ఆయన మాటకు తిరుగేముంది? మిషన్ మోతతో కలిసిన ఆ దెబ్బల మీదే పది నిమిషాల పాట కట్టారు. గిటార్లు మెల్లగా మబ్బుపట్టి, చివరికి విరుచుకుపడతాయి.

మరి ఆ ఖంగు ఏదీ? ఇప్పుడు వినబడేది మట్టికుండను తట్టిన చప్పుడు!

ఇది జాషువా పనే. డ్రమ్స్ వాయించేదీ, ఇంట్లో కూర్చుని, ఎవరికీ వినిపించకుండా పాటలన్నీ మిక్స్ చేసిందీ అతనే. లోగడ తన డ్రమ్ములే తీసేసి కంప్యూటర్ డ్రమ్ములు పెట్టి, దొరికిపోయేదాకా నోరు విప్పని ఘనుడు. మొన్నయితే ఆ రాయి చప్పుడు తీసేద్దామా అని నసిగాడు. ఎందుకని అడిగితే నేల చూపులు చూశాడు. అవి దొంగచూపులు కాక మరేమిటి?

ఫోన్ చేసి కడిగేసింది. "మా నాయన రాయి యాడ పోయింది? దాని బదులు ఏం పెట్టినావ్?"

అటువైపు జాషువా గొణిగాడు.

"నేనేం మార్చల్యా. మిషన్ మోత తీసినా, అంతే. వద్దంటే పాట తీసేస్తా."

తప్పు చేయనివాడు అంత సులువుగా తీసేస్తానంటాడా? నాన్న చేతే చెప్పించి వీడి నోరు మూయించాలి, ఆ తర్వాత బ్యాండులో వాడైనా ఉండాలి, తానైనా ఉండాలి అనుకుంది.

ఆమె వెళ్లేసరికి పక్క మిషన్ ఆగి ఉంది. షెడ్డులో గురుస్వామి అమ్మవారి నగలు చెక్కుతున్నాడు. అవి అయితే విగ్రహానికి కళ్లు తెరిపించడం ఒక్కటే మిగులుతుంది. శుక్రవారం గుడివాళ్లు బండి తెస్తారు. సరస్వతి చిన్న స్పీకరు ముందు పెట్టి పాట వేసింది. ఆయన చేయి తుడుచుకుని, స్పీకరు మీద అరచేయి ఆనించాడు.

"ఎట్లుంది నాయనా?"

"బలే పలుకుతాంది పాపా. గంటే."

వేళాకోళమేమోనని ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఆమె పెదాలనే చూస్తున్నాడు. ఫోన్ ఎత్తకపోవడం, టీవీ ఊరంతా వినబడేట్టు పెట్టడం, అడిగినదానికి ఇంకేదో చెప్పడం అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇన్నాళ్లూ వాటిని ఆయన పెంకితనమనుకుంది.

ఆమె సుత్తి తీసుకుని అమ్మవారి పీఠం తట్టింది. మట్టికుండ. ఇంకోచోట తట్టింది. మట్టికుండే. సుత్తి కింద పెట్టి నాన్న వైపు తిరిగింది.

కూతురి ముఖం చూశాక గురుస్వామికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన అక్కడే రాళ్లపొడిలో కూలబడ్డాడు.

అంతలో జాషువా మెసేజ్ వచ్చింది. మోత తీశాక రాయి మొద్దుగా పలికేసరికి పెద్దాయన చెవి మీద తనకు మొన్ననే అనుమానం వచ్చిందనీ, ఆమెతో చెప్పే ధైర్యం చాలలేదనీ రాశాడు. తీసేయమంటావా అని అడిగాడు. సరస్వతికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఆ చప్పుడు ఈ ఊళ్లో ఏ శిల్పి చెవిన పడ్డా నాన్న పేరు మట్టిలో కలిసినట్టే. ఆయనకెదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "పాట తీసేపిస్తా నాయనా. ఎవురూ వినకముందే."

"ఉండనీ. ఆ పిల్లోని తప్పేముంది?" అన్నాడాయన. లేచి, అమ్మవారి ముఖం మీద తడిగుడ్డ కప్పాడు. "గుడోళ్లకు ఫోన్ కలుపు. నేనే చెప్తా. వాళ్లేమంటాండారో నువ్వు ఇని నాకు చెప్పు."