సాంబ్రాణి పట్టిన కారు

ఇంద్రజ ఆ టర్బో కారు కొనుక్కున్నది న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో చదువైపోయి మొదటి ఉద్యోగంలో చేరిన ఏడు. అప్పటికి పెళ్లి లేదు, మొగుడు లేడు. అందుకే దాన్ని అమ్మేద్దామని పెళ్లయ్యాక లోకేశ్ అన్నప్పుడల్లా ఆమెకు ఎక్కడలేని కోపం ముంచుకొచ్చేది. ఈసారి మాత్రం నోరెత్తడానికి లేకపోయింది. టర్బోకి గాలి తెచ్చే గొట్టం చీలితే, దీనికి మెకానిక్ ఎందుకని గరాజ్‌లో కూర్చుని మార్చింది తనే. మార్చిన మర్నాడే అత్తగారు రమామణిని కూరగాయలకు తీసుకెళ్తుంటే, రోటోటూనా రౌండబౌట్‌లో, బండ్లు గుండ్రంగా తిరిగే కూడలి మధ్యలో, కారు టక్కున ఆగింది. వెనక కార్లు బారులు తీరాయి. ఇక్కడి కివీలు హారన్ కొట్టరు, ఓపిగ్గా చూస్తూ కూర్చుంటారు. అది ఇంకా సిగ్గు.

"ఇగ నేనీ బండి ఎక్క బిడ్డా," అంది రమామణి ఇంటికొచ్చాక.

తల్లి మాట దొరికింది కదా, లోకేశ్ వెంటనే అమ్మకానికి ప్రకటన పెట్టేశాడు. శనివారం సాయంత్రం ఒకాయన చూడ్డానికి వస్తానన్నాడు. ఆలోపు లోపం దొరికితే కారు తనది, లేకపోతే లేదు.

శనివారం మధ్యాహ్నం దాకా ఇంద్రజ ప్లగ్గులు తీసి చూసింది, సెన్సర్ తుడిచింది, బ్యాటరీని అనుమానించింది. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ బుద్ధిగా తిరిగే ఇంజిన్, కాలు తీయగానే చచ్చిపోతోంది. సెన్సర్ లెక్కలోకి రాని గాలి ఎక్కడో దొంగచాటుగా లోపలికి పోతోందని ఆమెకు తెలుసు. ఎక్కడన్నదే తెలియదు. పెద్ద గరాజుల్లో అయితే గొట్టాల్లోకి పొగ పంపి చూస్తారు. ఆ మిషన్ తన దగ్గరెక్కడిది? బానెట్‌కు ఆనుకుని నిలబడితే ఏడుపొచ్చినంత పనైంది.

వాకిట్లో రమామణి మనవరాలికి సాంబ్రాణి వేస్తోంది. ఇంట్లో వేస్తే పొగ అలారం వీధంతా వినబడేలా అరిచింది, అప్పటినుంచి ధూపానికి గరాజ్ వాకిలే గతి. పాప తల ఆరబెట్టి లోకేశ్ చేతికిచ్చి పంపి, ఆమె నిప్పులు ఆర్పడానికి నీళ్ల చెంబు అందుకుంది.

"అత్తమ్మా, ఆ నిప్పులు అట్లనే ఉండనియ్యిండ్రి."

"ఎందుకే?"

"కారుకు పొగ పెడ్త."

"దిష్టి తగిలిందంటవా?"

"దిష్టి కాదు. నేనే ఎక్కడ్నో తప్పు చేసిన. అదెక్కడ్నో పొగ చూపెడ్తది."

రమామణి గుప్పెడు సాంబ్రాణి తెచ్చి నిప్పుల మీద చల్లి, "నిప్పు మాత్రం బండికి దూరం," అని కుంపటిని వాకిలి చివరికి జరిపింది. ఆమె పడుకునే గాలిపరుపుకు గాలి కొట్టే పంపును ఇంద్రజ కుంపటి పక్కన పెడితే అది పొగ పీల్చింది. పంపుకు తగిలించిన వాక్యూమ్ క్లీనర్ పొడుగు గొట్టం ఆ పొగను ఇంజిన్‌కు గాలి పోయే దారిలోకి తోసింది. గొట్టం చుట్టూ మిగిలిన సందుల్లో ఇంద్రజ పాత టవల్ కుక్కింది. గరాజంతా పురిటిల్లు వాసన కొట్టింది.

"ఇంద్రజా, గీ కింద సూడు," అంది గొంతుక్కూర్చున్న రమామణి.

టర్బో అడుగు నుంచి సన్నగా పొగ లేస్తోంది. ఇంద్రజ నేల మీద పడుకుని టార్చ్ వేసింది. కొత్త గొట్టం ఒక పక్క సరిగ్గా ఎక్కనేలేదు. క్లిప్ ఉత్త అంచును పట్టుకుని వేలాడుతోంది. ఆ రోజు పాప ఏడుస్తుంటే కంగారులో, కంటికి కనబడని చోట చేత్తో తడిమి బిగించేసింది. తప్పు తనదే అయినా ఆమెకు సిగ్గేయలేదు. నవ్వొచ్చింది, దానితోపాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి.

గొట్టం పూర్తిగా ఎక్కించి, క్లిప్ బిగించి, తాళం తీసుకుని వచ్చేసరికి రమామణి ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎక్కనన్నరు కదా?"

"ఒక్కదానివెట్ల పోతవ్? ఆగితే తొయ్యనీకి ఒకలుండాలె."

రౌండబౌట్ దగ్గర ఇంద్రజ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. ఇంజిన్ మెత్తగా తిరుగుతూనే ఉంది. మలుపు రాగానే బయటికి తిప్పబోతే రమామణి ఆమె మోచేయి పట్టుకుంది.

"ఇంకో సుట్టు తిప్పు."

రెండో చుట్టులో ఫోన్ మోగింది. కారు స్పీకర్లో లోకేశ్.

"ఎక్కడున్నరు? ఆయనొచ్చి వాకిట్ల నిలబడ్డడు. కారేది?"

ఇంద్రజ నోరు తెరిచేలోగా రమామణి ముందుకు వంగింది.

"కారుతోని ప్రదక్షిణ చేస్తున్నం, ఇంకా ఒకటుంది. కారు అమ్ముతలేమని చెప్పి, ఆయనకింత చాయ్ పోసి పంపు."

ఇంద్రజ మూడో చుట్టు తిప్పింది.