కొలతల పుస్తకంలో లేని మనిషి

క్రిస్మస్‌కి ముందొచ్చే శనివారం ఆడపడుచు కుటుంబం దిగుతుందంటే, ప్రతి ఏడూ సూదమ్మకి ఇల్లంతా గుడ్డముక్కలు ఊడ్చుకోవడమే పెద్ద పని. ఈ ఏడు ఊడవడానికి ముక్కలు లేవు. ముక్కలు రాల్చే మనిషి మార్చిలో, టీ గ్లాసు చేతిలో ఉండగానే, కుర్చీలో వాలిపోయాడు. తొమ్మిది నెలలైంది.

ఆమె అసలు పేరుతో ఆ వీధికి ఎప్పుడూ పని పడలేదు. మొగుడు కోసేవాడు, ఆమె కుట్టేది. అందుకని ఆయన కత్తెరయ్య, ఈమె సూదమ్మ. ముప్ఫై ఏళ్ళపాటు ఆయన గుడ్డ మీద సుద్దగీత గీసి, కోసి, ముక్కలన్నీ దారంతో కట్ట కట్టి, పైన చీటీ దోపి ఆమె మిషను పక్కన పడేసేవాడు. ఎవరిదని ఆమె అడిగేది కాదు. చీటీ చెప్పేది. ఆయన పోయాక ఆమె కత్తెర ముట్టలేదు. ఎవరో కోసి తెచ్చినవి కుట్టి ఇస్తోంది, అంతే.

నవంబరులో బీరువా అడుగున ఒక కట్ట బయటపడింది. ముదురు నీలం ఉన్ని గుడ్డ. ఆడవాళ్ళు వేసుకునే పొడుగు కోటు. వీపు, ముందు భాగాలు, చేతులు, కాలరు, లోపలి లైనింగు అన్నీ కోసి ఉన్నాయి. చీటీ మాత్రం లేదు.

సూదమ్మ కొలతల పుస్తకం ముందేసుక్కూర్చుంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ, ఉన్నవాళ్ళూ పోయినవాళ్ళూ, భుజమింత నడుమింత అంటూ అందులో వరసగా ఉన్నారు. ఈ ముక్కలకి సరిపోయే మనిషి ఒక్కతీ లేదు. ఎవత్తో గానీ బక్కపల్చటి మనిషి. చేతులు పొడుగు. అక్కడితో ఆగితే బాగుండేది. కుట్టు కోసం లోపల అరంగుళానికి మించి గుడ్డ వదిలిన పాపాన పోని మనిషి కత్తెరయ్య. అలాంటివాడు ఈ కోటుకి ప్రతి పక్కా రెండేసి అంగుళాలు వదిలాడు. తర్వాత విప్పి వదులు చేసుకోవడానికి. అలా ఎవరికి వదులుతారో దర్జీ ఇంటి ఆడదానికి వేరే చెప్పాలా? కడుపు పండబోయేదానికి.

పారేద్దామంటే ఆయన చేత్తో కోసిన ఆఖరి గుడ్డ. ఉంచుకుందామంటే ఎవత్తిదో. చివరికి మనసు చంపుకుని కుట్టింది. కుట్టిన పదిహేను రోజులూ పక్కన ఎవరో నిలబడి, తన ఒళ్ళు ఎప్పుడు తయారవుతుందా అని చూస్తున్నట్టే ఉండేది. చేతులు అతికితే దానికి చేతులొచ్చాయి. కాలరు వేస్తే మెడ వచ్చింది. అయ్యాక కొయ్యబొమ్మకి తొడిగి ముందుగదిలో నిలబెట్టింది. అప్పట్నుంచీ ఆ తల లేని మనిషి అక్కడే కాపురం. గది ఊడ్చేటప్పుడు సూదమ్మ దానికి దారి ఇచ్చినట్టు పక్కకి జరిగేది. జరిగాక తనని తనే తిట్టుకునేది.

ఆమెకి మిగిలిన ఆశ ఒక్కటే. కోటు ఆడపడుచుకో, మేనకోడలికో పట్టాలి. వాళ్ళ కొలతలూ పుస్తకంలో ఉన్నాయి, నిజమే. కానీ ఒళ్ళన్నాక ఏడాదిలో మారదా? పడితే అది ఆయన తన అక్కకి పండక్కని దాచిన కోటు అయిపోతుంది. పట్టకపోతే ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇంకో మనిషి ఉన్నట్టే.

శనివారం పొద్దున్నే దిగారు. మేనకోడల్ని అందరూ పిచ్చుక అంటారు, నోరు మూతపడదు గనక. అది గుమ్మంలో అడుగు పెడుతూనే వెనక్కి తూలింది.

"లోపలెవరో ఉన్నారని చెప్పవేం అత్తయ్యా?"

"ఎవరూ లేరే. బొమ్మ."

"బొమ్మయితే బొమ్మలా ఉండాలి. ఇదేంటి, మనం ఆలస్యంగా వచ్చామని కోపంగా నిలబడినట్టుంది."

ఆడపడుచు మొగుడు, బస్సు డ్రైవరు, సంచులు దించుతూ అన్నాడు: "మా ఇంట్లోనూ ఒకావిడ ఇలాగే నిలబడుతుంది చెల్లెమ్మా. దానికి తల ఉంది. అంతే తేడా."

"ఆ తలే లేకపోతే మీకు ఇంటి దారి తెలిసేది కాదు," అంది ఆడపడుచు.

"బస్సు నడిపేది నేను."

"దిగాల్సిన చోట దించేది నేను." అంటూనే ఆవిడ సూదమ్మని దగ్గరికి తీసుకుంది. వీపు మీద వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఏంటే పిల్లా, ఇలా పుల్లయిపోయావ్? తింటున్నావా అసలు?"

"తింటున్నా వదినా."

"ఏం తింటున్నావ్? దారమా?"

భోజనాలయ్యాక సూదమ్మ మాట కూడగట్టుకుని, "ఊరికే ఒకసారి వేసి చూడండి," అంటూ కోటు తెచ్చింది. పిచ్చుక ముందుకు దూకింది. వీపు దగ్గర బిగుసుకుపోయింది, చేతులు వేళ్ళని మింగేశాయి. "అత్తయ్యా, ఇది నా చేతుల్ని తినేస్తోంది, తియ్యి," అని నవ్వింది. ఆడపడుచు ఒక చెయ్యి దూర్చి, రెండోది దూర్చలేక ఆయాసపడింది.

"నేను ఇందులో పట్టాలంటే మా తమ్ముడు గుడ్డతో పాటు నన్నూ కొయ్యాలి."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆవిడ వేళ్ళు కోటు లోపల కుట్టు మీదికి వెళ్ళాయి. నవ్వు ఆగింది.

"ఇంత వదిలాడేంటి వాడు?" అంది నెమ్మదిగా.

"ఏమో."

ఆవిడ కోటుని చూసింది. తర్వాత సూదమ్మని కింద నుంచి పైకి చూసింది. అచ్చం కొలత చూసుకునే తమ్ముడి చూపే. తలనొప్పిగా ఉందని వెళ్ళి పడుకుంది. సూదమ్మకి ఒకటే అనిపించింది. వదినకి తెలుసు. ఆ మనిషెవరో తెలిసే మొహం తిప్పుకుంది.

ఆదివారం పొద్దున తండ్రీకూతుళ్ళు కేకు తేవడానికి బజారుకెళ్ళారు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న ఆడపడుచు ఎదురుగా సూదమ్మ పీట వేసుకుంది.

"ఎవరు వదినా అది? నేనేం గొడవ చెయ్యను. పేరు చెప్పు చాలు."

"ఎవరేంటి?"

"కోటు ఎవరికి కోశాడో ఆవిడ."

ఆడపడుచు కత్తి పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. "వెళ్ళి వేసుకో."

"పరాయిదాని కోటు నేనెందుకు వేసుకుంటాను?"

"నీ కొలత ఉందా ఆ పుస్తకంలో?"

సూదమ్మ పుస్తకంలో పేజీలన్నీ మనసులో తిప్పింది. లేదు. ఆయన ఆమె ఒంటికి టేపు పెట్టిన రోజు లేదు. చూపుతో కోసేసేవాడు. ఆయన కోసింది వేసుకోవడమే గానీ తన భుజమెంతో తను ఏనాడూ అడగలేదు. ఊరందరి ఒళ్ళూ వెతికింది. తనకీ ఒక ఒళ్ళుందని గుర్తు రాలేదు.

"నేనింత సన్నం కాదుగా," అంది.

"మార్చిలో కాదు."

ముందుగదిలోకి వెళ్ళి బొమ్మ ఒంటి మీంచి కోటు తీసి తొడుక్కుంది. భుజం భుజం దగ్గరే ఆగింది. చెయ్యి మణికట్టు ఎముక దగ్గర ఆగింది. బొత్తాలు పైనుంచి కింది దాకా ఎక్కడా పట్టుకోకుండా పడ్డాయి. తొమ్మిది నెలల్లో కరగ్గా ఆమె ఎంత మిగిలిందో కోటు అంతే ఉంది.

ఆడపడుచు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "జనవరిలో డాక్టరు చెప్పాడే. గుండె. ఏ రోజైనా కావచ్చన్నాడు. నీకు చెప్పొద్దని వాడు నా చేత ఒట్టు వేయించుకున్నాడు. కోటు సంగతి నాకూ తెలీదు. నిన్న తడిమి చూస్తే అర్థమైంది. లోపల ఆ రెండంగుళాలూ..."

"మళ్ళీ తినడం మొదలెట్టాక విప్పుకోమని," అంది సూదమ్మ.

గుండెల మీంచి బరువు దిగాల్సింది. దిగలేదు. ఆ చివరి రెండు నెలల్లో ఆయన టీ తాగుతూ తనకేసి చూసిన చూపులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఏంటలా చూస్తున్నావంటే, ఏం లేదనేవాడు. ఎదురుగా నిండుగా కూర్చుని వాగుతున్న పెళ్ళాంలో ఆయన అప్పటికే మొగుడు పోయినదాన్ని చూస్తున్నాడు. ముద్ద దిగనిదాన్ని. దాని నడుమెంతో, మెడ ఎంతో చూసి పెట్టుకున్నాడు. ఇన్ని రోజులుగా తను దారి ఇచ్చి పక్కకి జరిగింది దానికే.

"చెప్పుండొచ్చుగా వదినా."

"చెబితే ఆ రెండు నెలలు కూడా తినేదానివి కాదు."

సూదమ్మ భోజనాల దగ్గరా కోటు విప్పలేదు. చెమట పడుతోంది విప్పమంటే, ఉండనీ అంది. పిచ్చుక ఏదో అనబోతే తల్లి కళ్ళతో ఆపింది. పెట్టిందంతా సూదమ్మ తిన్నది, ఎవరో లెక్కపెడుతున్నట్టు ముద్ద ముద్దకీ ఆగుతూ.

మధ్యాహ్నం వాళ్ళని బస్సెక్కించి తిరిగి వస్తుంటే బొత్తాల కొట్టాయన పిలిచాడు.

"సూదమ్మా, కొత్త కోటా? కోత చూస్తే మీ ఆయన చెయ్యిలా ఉందే."

"ఆయనదే."

"అలాగా? ఎప్పుడు కోశాడూ?"

"నేను ఇలా అయ్యాక," అంది.

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి బొత్తాల డబ్బాలు సర్దుకున్నాడు. వెనకనుంచి ఎవరో కళ్ళతో కొలుస్తున్నారన్నట్టు భుజాలు నిటారుగా పెట్టుకుని సూదమ్మ ఇంటికేసి నడిచింది.