ఒక గిన్నె తేనె

దొక్సూ ఇంట్లో తేనెటీగలకు చక్కెర నీళ్లు పెట్టడమంటే పరువు తక్కువ. తాతల నాటి నుంచీ కొండ ఈగలకు కొండ పూలే తిండి. "చక్కెర మేపినోడి తేనె, నీళ్లు కలిపినోడి పాలు ఒకటే" అని దొక్సూ ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. ఆ గొప్పే కొంప ముంచింది.

కిందటి శరత్తులో తెగులు తగిలి, ఈగలుండే ఎనిమిది తొలిచిన మొద్దుల్లో ఏడు పోయాయి. పిల్లపురుగులు నీళ్ల సంచుల్లా ఉబ్బి చచ్చాయి. దొక్సూ ఏడింటినీ తగలబెట్టి, తెగులు అంటిన తేనెను పాతిపెట్టమని భార్య బోంగ్నేకు చెప్పాడు. ఆమె ఒక గిన్నె తప్ప అంతా పాతిపెట్టింది. వంటింటి వెనక విడిగా ఉన్న ఎనిమిదో మొద్దు, చచ్చిపోయిన అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, చలికి తిండి లేక తేలికైపోయింది. బోంగ్నే రోజూ దాన్ని కదిపి చూసేది. చక్కెర పెడితే మొగుడు ఊరుకోడు. ఈగలకు వాటి తేనే పెడితే తప్పేముంది అనుకుంది పిచ్చి తల్లి.

వసంతంలో ఆ మొద్దు ఝుమ్మని మోగింది. దొక్సూ ముఖంలో మళ్లీ కళ వచ్చింది. కొండ దిగువనున్న, బోంగ్నేకు తమ్ముడి వరసయ్యే మాన్‌షిక్ తోటలో పూలెక్కువ కాబట్టి, మొద్దును అక్కడికి చేర్చి, ఈగల గుంపు రెండుగా చీలితే చెరొకటి ఉంచుకుందామని మగవాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు. మాన్‌షిక్‌కు పన్నెండు మొద్దులున్నాయి. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

ఈగలు బయలుదేరకముందే, తెల్లవారుతుండగా, మొద్దు తీసుకెళ్లడానికి మాన్‌షిక్ వీపుమీద మోసే కర్ర చట్రంతో వచ్చాడు.

"అక్క చేతి కూడు తిని తిని చిక్కిపోయాయి బావా. మా ఇంట్లో నాలుగు రోజులుంటే తేరుకుంటాయిలే."

దొక్సూ నవ్వాడు. ఆర్నెల్ల తర్వాత అదే మొదటి నవ్వు. బోంగ్నే మొద్దుకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఎత్తకు తమ్ముడూ" అంది.

కొంగుముడి విప్పింది. అందులో నాలుగు తెల్లటి పురుగులు ఉబ్బి ఉన్నాయి.

"ఐదు రోజులుగా మొద్దు కన్నం ముందు పడుతున్నాయి. నువ్వు లేవకముందే ఊడ్చేస్తున్నా."

"ఎట్టా వచ్చిందే దీనికి?" అన్నాడు దొక్సూ మెల్లగా.

"నేనే పెట్టా. ఆ తేనె ఒక గిన్నె దాచి వీటి ఆకలికి పెట్టా."

"పాతిపెట్టమన్నా కదే."

"చక్కెర పెడతానంటే నువ్వు ఒప్పుకునేవాడివా?"

మాన్‌షిక్ తలదించుకుని ఖాళీ చట్రం వీపుకు ఎత్తుకున్నాడు. తన పన్నెండూ గుర్తొచ్చాయేమో, మొద్దుకు దూరంగా జరిగి నిలబడ్డాడు.

దొక్సూ తడిమట్టి ముద్ద చేసి మొద్దు కన్నం మూశాడు. చుట్టూ ఎండుగడ్డి పేర్చి కిరసనాయిలు పోశాడు. అగ్గిపెట్టె తీసి, చేతిలో కాసేపు పట్టుకుని, భార్యకిచ్చాడు.

"నావల్ల కావట్లేదు. నువ్వే అంటించు."

బోంగ్నే మొద్దుమీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. లోపల ఈగలు ఎప్పటిలాగే మోగుతున్నాయి. రాత్రి మంచుకు అగ్గిపుల్లలు మెత్తబడ్డాయి. మూడోది వెలిగింది.