మధ్యలో వదిలిన తెలుపు

మా ఆవిడ గిన్నెలు తోముతూ మాట్లాడుతుంది. నా వైపు వీపు పెట్టి మాట్లాడుతుంది. చెవులు పోయాక తొమ్మిదేళ్లు ఆ వీపునే చూశాను. తల ఊగేది. జుట్టుముడి కదిలేది. ఒక్కోసారి భుజాలు నవ్వేవి. నాకు మాత్రం ఒక్క ముక్కా వినబడేది కాదు.

"ఏమిటే?" అంటే ఇటు తిరిగి, నాకు తెలిసేలా పెదాలు బాగా కదిపి, "నీక్కాదులే" అనేది.

ఆ మాటలేమిటో తెలుసుకోవాలనే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. డాక్టరుతో మాత్రం రోడ్డు దాటడానికి ఇబ్బందిగా ఉందని చెప్పాను.

చెవి లోపల సన్నటి తీగ పెట్టారు. చెవి వెనక మెషిన్ తగిలించారు. లోకం తిరిగొచ్చింది గానీ, తడిసి వచ్చింది. గదిలో ఒక్కరే నెమ్మదిగా మాట్లాడితే తెలిసేది. కుళాయి తిప్పితే చాలు, నీళ్లూ మాటా ఒకదాన్లో ఒకటి కరిగి అంతా బూడిద రంగయ్యేది. కళ్లు మూసుకుంటే అందులో తేలుతున్నట్టుండేది. మా ఆవిడ ఎక్కడో ఆ నీళ్లకింద ఉండేది.

నెలకోసారి మెషిన్ సరిచేయించుకోవడానికి వెళ్లాలి. అక్కడి అమ్మాయి రెండు కూతలు వినిపించి, "తాతగారూ, రెండూ ఒకటేనా, వేరా?" అని అడిగేది.

"వేరే" అనేవాణ్ణి.

నలభై ఏళ్లు గుడ్డల మీద అచ్చులు అద్దాను. రెండు ఎరుపుల మధ్య తేడా తెలియనివాణ్ణి మా బల్ల దగ్గరికే రానివ్వరు. ఒకటే అనడానికి నాకు నోరు రాలేదు. వేరే, వేరే అని తలూపి వచ్చేవాణ్ణి. ఆ అమ్మాయి సంతోషించేది. ఇంట్లో కుళాయి మా ఆవిణ్ణి మింగుతూనే ఉండేది.

"అప్పుడూ ఇప్పుడూ చెవిటివాడి ముందు శంఖమే" అంది మా ఆవిడ ఒకరోజు. "అది తీసి పెట్టెలో పెట్టెయ్యి. నాకు అరిచే ఓపిక లేదు."

ఆ వారం గిన్నెల దగ్గర ఆమె తల ఊగడం తగ్గింది. నాకు భయమేసింది. ఆమె మాటలే అయిపోయాక చెవి వచ్చి ఏం లాభం?

మధ్యాహ్నం కునుకులో కల వచ్చింది. పొడవాటి తడిగుడ్డ మీద పువ్వులు అద్దుతున్నాను. ఎర్ర పువ్వు పక్కనే పసుపు పువ్వు, దాని పక్కనే నీలం. రంగులు మెల్లగా పాకి ఒకదాన్నొకటి తాగేస్తున్నాయి. గుడ్డకు అవతల మా ఆవిడ నిలబడి పెదాలు కదుపుతోంది.

ఈసారి వెళ్లగానే చెప్పేశాను. "అబద్ధమాడానమ్మా. చాలావాటికి తేడా తెలియలేదు."

అమ్మాయి తల పట్టుకుని నవ్వింది. "అయ్యో తాతగారూ! ఇందులో పాసూ ఫెయిలూ ఉండవు. మీరు ఒకటే అంటేనే నాకు దారి దొరికేది."

కాగితం మీద గీత గీసి ఇరవై రెండు చుక్కలు పెట్టింది. తీగ మీద ఇవన్నీ కరెంటు ఇచ్చే చోట్లట. ఒక్కో చుక్కదీ ఒక్కో కూత. చెవి లోపల చుట్టూ నీరే కాబట్టి కరెంటు ఉన్నచోట ఉండదట. ఒక్కో చుక్క చుట్టూ సున్నా చుట్టింది. సున్నాలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి.

"పాకుతోంది" అన్నాను.

"అదే. మీ పనిలో రంగు పాకితే ఏం చేసేవారు?"

"పువ్వుకీ పువ్వుకీ మధ్య మైనం పెట్టి తెలుపు వదిలేవాళ్లం."

"మనమూ కొన్ని చుక్కలు ఆపేద్దాం. అందరికీ కుదరదు. చూద్దాం."

తోడొచ్చి పక్కనే కూర్చున్న మా ఆవిడ ఊరుకోలేదు. "అన్నీ ఉంటేనే వినబడనివాడికి, తీసేస్తే వినబడుతుందా? ఇదేం చోద్యం!"

"పదిమంది ఒకేసారి మాట్లాడితే మీకేమైనా అర్థమవుతుందా, అమ్మా?"

"మా ఇంట్లో ఆ బాధ లేదు తల్లీ. మాట్లాడేది నేనొక్కదాన్నే."

మళ్లీ కూతలు విన్నాను. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకటే. ఒకటే. వేరే. ఒకటే. చివరికి ఎనిమిది చుక్కలు ఆపింది.

కొన్నాళ్లు గొంతులన్నీ సన్నగా, పరాయిగా ఉన్నాయి. అలాగే పెట్టుకు తిరిగాను.

ఒకరోజు అన్నాలయ్యాక మా ఆవిడ కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడు ఒక పక్కకి వెళ్లి నిలబడింది. ఇవతల కాస్త తెలుపు. ఆ తెలుపు మీద ఆమె గొంతు.

"పక్కింటామె మళ్లీ నిచ్చెన అడిగింది. పోయినసారి మెట్టు విరగ్గొట్టి ఇచ్చిందిగా. లేదన్నాను. మంచి పని చేశానా?"

ఆగింది. తర్వాత గొంతు బరువు చేసి, అచ్చం నాలాగా, "ఊఁ" అంది.

"నీ నీలం చొక్కా మోచేతి దగ్గర చిరిగింది. అతుకేస్తాను, సరేనా?" మళ్లీ నా గొంతుతో, "ఊఁ."

తొమ్మిదేళ్లుగా నా వంతు కూడా తనే పలుకుతోంది.

"ఎడమకన్ను మసకేస్తోందయ్యా. చెప్తే కంగారు పడతావు. ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్లాలంటే గుండె దడగా ఉంది. తోడొస్తావా?"

ఆమె అనేలోపు నేనన్నాను. "ఊఁ."

చేతిలో గిన్నె ఆగింది. ఇటు తిరగలేదు.

"ఎక్కణ్ణుంచి విన్నావు?"

"నిచ్చెన దగ్గర్నుంచి."

నీళ్లు పోతూనే ఉన్నాయి. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో వీపు చూసి చెప్పలేకపోయాను.

"చెవులొచ్చాయి గానీ నోరు రాలేదు" అంది.

"రేపు ఎన్నింటికి వెళ్దాం?" అన్నాను.