ఉప్పు పాటోళ్ళు

బోగోలుకు తూర్పున, సముద్రానికి కూతవేటు దూరంలో ఉప్పు మడులు, గీకిన ఉప్పు నిలవచేసే కొటారు ఉండేవి. యాభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఆ మడుల్లో ఉప్పు గీకే ఆడవాళ్ళలో రెబెక్కమ్మ ఒకతి. అప్పటికి ఇరవై ఏళ్ళుంటాయి. మిషను బడిలో ఐదు దాకా చదివింది. ఆదివారం చర్చిలో ముందు వరసలో నిలబడి కీర్తనలు పాడేది. మిగతా ఆరు రోజులూ చెప్పుల్లేని కాళ్ళతో ఉప్పునీళ్ళలో నిలబడేది.

ఒకరోజు పక్క మడిలో ఆనందకుమారి కుంటుతూ గట్టు మీదికొచ్చి కూలబడింది. "కాలి పగుల్లో ఉప్పు పడిందే" అని మడమ పట్టుకుంది. ఆ అనడంలోనే ఏదో రాగం ఉన్నట్టు తోచింది రెబెక్కమ్మకు. కొయ్యపార లాగుతూ ఆ మాటనే అటూ ఇటూ తిప్పింది. మధ్యాహ్నం కూటి వేళకల్లా రెండు వరసలైనాయి.

*కాలి పగుల్లో ఉప్పు పడె, కంటి నీరూ ఉప్పాయె,*
*కొటారు దొరా, నీ కూట్లోది ఎవరి కంటి ఉప్పు?*

సాయంత్రం ఇంట్లో పాడి వినిపిస్తే అన్న హెబ్రోను లేచినాడు. అటక మీద గోనెపట్టాలో చుట్టి ఉన్న తండ్రి డప్పు దించినాడు. బాప్తిస్మం తీసుకున్నప్పుడు పెద్దలు చెప్పినారని తండ్రి కట్టిపెట్టిన డప్పు అది. చితుకుల మంట మీద కాచి, వేళ్ళతో ఒకసారి తట్టి, "ఇప్పుడు పాడు" అన్నాడు.

ఎండుచేపలకు ఉప్పు కొనడానికి జాలర్ల పాలెం నుంచి చెంచమ్మ వస్తుండేది. ముప్పై దాటిన మనిషి. వల లాగే పాటలు పాడీ పాడీ గొంతు బొంగురుపోయింది, అయినా అది గాలికి ఎదురెళ్ళేది. గట్టు మీద ఈ పాట విని గంప దించింది. "పాటైతే బానే ఉంది. గొంతే చాల్లేదు. నన్ను పాడమంటావా?" అంది. పాడింది. మడుల్లో పారలన్నీ ఆగిపోయినాయి. అట్లా ముగ్గురు ఒక జట్టైనారు.

నెల తిరక్కముందే చర్చి పెద్ద సమాధానం గారు రెబెక్కమ్మను పిలిపించినారు.

"కీర్తనలు పాడే నోటితో కూలి పాటలు పాడతావా?"

"ఆ నోటితోనే గదయ్యా కూడు తినేది."

"డప్పుతో, ఆ పాలెపు మనిషితో కలిసి వీధిలో పాడేదానికి ఇక్కడ ముందు వరసలో చోటు లేదు. అది మానుకో. లేకుంటే పాడేవాళ్ళలో నీ పేరు తీసేస్తాం."

"తీసేయండయ్యా. పాట మానను. గుడీ మానను."

మరుసటి ఆదివారం నుంచి ఆమె కడపటి వరసలో కూర్చునేది. అక్కడినుంచే ముందు వరస వాళ్ళకంటే గట్టిగా పాడేది. పెద్దాయన మొహం ముడుచుకునేవారు గానీ, కీర్తన పాడొద్దని ఎవరంటారు?

పాటలు పెరిగినాయి. మొదట్లో హెబ్రోను డప్పు మోతకు మాటలు వినబడేవి కావు. ఎక్కడ కొట్టాలో కంటే ఎక్కడ ఆపాలో నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది అతనికి. బోగోలులో బట్టలు కుట్టే మస్తానయ్య, మీటలు నొక్కి తంతులు మోగించే బుల్‌బుల్ తార పట్టుకుని వచ్చి చేరినాడు. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు పిలుపులు రాసాగినాయి. జనం వాళ్ళకు ఉప్పు పాటోళ్ళని పేరు పెట్టినారు. ఎన్నికలప్పుడు రెండు పార్టీల వాళ్ళూ వచ్చి పాటలో తమ గుర్తు పేరు పెట్టమంటే, ఇద్దరికీ మజ్జిగిచ్చి పంపినారు.

అరవై ఒకటిలో జట్టు విడిపోయేంత పనైంది. చెంచమ్మ మొగుడు పోలేరయ్య సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. మూడు నెలల తరవాత చెంచమ్మ ఒక పాట కట్టుకొచ్చి చెప్పింది. ఆమెకు చదువు రాదు. రెబెక్కమ్మ నోటుబుక్కులో రాసుకుంటూ ఎగుడుదిగుడు మాటలన్నీ సరిచేసింది. తిరిగి చదివి వినిపిస్తే చెంచమ్మ మొహం నల్లబడింది.

"నాథుడెవరమ్మే?"

"మొగుడనే మాటే అక్కా. పాటలో కొంచెం మర్యాదగా ఉంటుందని."

"నాకు నాథుడు లేడు. మొగుడుండె. పోలేరయ్య ఆయన పేరు. ఆ పేరు లేకుంటే అది నా పాటే కాదు" అని లేచి వెళ్ళిపోయింది. ఇరవై రోజులు ఉప్పుకు కూడా రాలేదు.

రెబెక్కమ్మకు కోపమొచ్చింది ముందు. పాటలు రాసేది నేను గదా అనుకుంది. కానీ తను సరిచేసిన పాట పాడుకుంటే చప్పగా ఉంది. చెంచమ్మ చెప్పిన మాటలే మళ్ళీ మళ్ళీ నోట్లోకి వస్తున్నాయి. చివరికి తనే పాలెం దాకా నడిచిపోయి, చేపలు ఆరబెడుతున్న చెంచమ్మ ఎదురుగా ఆ కాగితం చించేసింది. "నువ్వు చెప్పక్కా. ఒక్క అక్షరం మార్చను" అంది.

*పోలేరయ్యా పోలేరయ్యా, పొద్దెక్కె రావయ్యా,*
*కూడు చల్లారె, కుండ చల్లారె, నేను చల్లారలా.*

ఆ పాట కోవూరు దాకా పోయింది. అప్పటినుంచి రెబెక్కమ్మ రాసే పాటల్లో మనుషులు పేర్లతో వచ్చేవాళ్ళు. ఆనందకుమారి మడమ కూడా పేరుతోనే వచ్చింది.

అరవై నాలుగులో కోవూరు తిరునాళ్ళలో వాళ్ళ పాట విన్న ఒకాయన మద్రాసులో గ్రామఫోను కంపెనీకి రమ్మన్నాడు. నలుగురూ బిట్రగుంటలో రైలెక్కినారు. కంపెనీ మనిషి ఉప్పు పాట విని బాగుందన్నాడు గానీ, రెండో వరస దగ్గర ఆగినాడు.

"ఈ 'కొటారు దొరా' వద్దమ్మా. రికార్డులు కొనేది అట్లాంటి దొరలే. దాని బదులు 'సముద్రమే మా కన్నతల్లి' అని పెట్టండి."

గాజు కిటికీల ఆ గది, ఆ మైకు చూసి రెబెక్కమ్మకు ఆశ పుట్టిన మాట నిజం. తన పాట గ్రామఫోను పళ్ళెంలో తిరుగుతుంటే వినాలని ఉంది. అయినా తల అడ్డంగా ఊపింది. "ఆ వరస తీసేస్తాం. బదులు మాత్రం ఏమీ పెట్టం."

"మరి ఆ చోటు ఖాళీగా ఉంటుందే?"

"మా అన్న డప్పు కొడతాడు."

ఆయన ఒప్పుకున్నాడు. హెబ్రోను ఆ చోట, వరసలో ఎన్ని అక్షరాలున్నాయో అన్ని దెబ్బలే కొట్టినాడు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

తిరుగు రైల్లో గూడూరు దాటినాక చెంచమ్మ రెబెక్కమ్మ వైపు తిరిగింది. "నేను నా పాటలో నాథుణ్ణి తీసేయించినా. నువ్వు దొరను దాచిపెట్టినావు" అంది. తప్పు చేసినానేమో అన్న గుబులు రికార్డు వచ్చేదాకా, ఎనిమిది నెలలూ రెబెక్కమ్మను వదల్లేదు.

మరుసటేడు మే నెలలో రికార్డు వచ్చింది. బోగోలు డేరా సినిమాలో మొదటాట ముందు లౌడుస్పీకర్లో వేస్తారని తెలిసి మడుల ఆడవాళ్ళందరూ పోయినారు. కొటారు మేస్త్రీ మాలకొండయ్య కూడా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పొద్దు కుంకుతుండగా పాట మొదలైంది. చెంచమ్మ గొంతు కొబ్బరి చెట్ల మీదుగా పోయింది. *కాలి పగుల్లో ఉప్పు పడె, కంటి నీరూ ఉప్పాయె.* ఆ తరవాత గొంతు ఆగింది. డప్పు ఒక్కటే మోగింది.

ముందు ఆనందకుమారి అందుకుంది. ఆమె వెనకే నలభై మంది. *కొటారు దొరా, నీ కూట్లోది ఎవరి కంటి ఉప్పు?* రెండోసారి ఆ చోటు వచ్చేసరికి డేరా బయట సోడాలమ్మేవాళ్ళు, బండ్లవాళ్ళు కూడా కలిసినారు. మాలకొండయ్య లేచి పోయి రికార్డు ఆపించినాడు. పాట ఆగలేదు. రికార్డుతో పనే లేకపోయింది.

చెంచమ్మ రెబెక్కమ్మ చెయ్యి పట్టుకుంది. "ఖాళీ పెట్టింది ఇందుకా అమ్మే?"

"నాకూ తెలీదక్కా" అంది రెబెక్కమ్మ. అది నిజమే.

బయటికొచ్చేటప్పుడు మాలకొండయ్య అడ్డం నిలబడినాడు. "రేపట్నుంచి నువ్వు మడిలోకి దిగబాక."

"దిగను. గట్టు మీదికైతే వస్తా."

తెల్లవారి ఆమె గట్టు మీదికొచ్చి నిలబడింది. వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆమె పక్కన నిలబడినారు. ఎవరూ మడిలోకి దిగలేదు. గీకి కుప్పలు పెట్టని ఉప్పు మడుల్లో తెల్లగా పరుచుకుని ఉంది. పది గంటలకు సముద్రం మీద మబ్బు లేచింది. ఒక్క వాన పడితే నెల ఉప్పంతా నీళ్ళే. మాలకొండయ్య మబ్బు వైపు చూసినాడు, ఆడవాళ్ళ వైపు చూసినాడు, సైకిలెక్కి యజమాని ఇంటికి పోయినాడు. వచ్చేసరికి చినుకుల వాసన తగులుతున్నది.

"దిగండి. అందరూ దిగండి" అన్నాడు.

"రెబెక్కమ్మ కూడానా?" అనడిగింది ఆనందకుమారి.

"అందరూ అన్నా గదా."

"పేరు పెట్టి చెప్పు మేస్త్రీ."

మాలకొండయ్య గొంతు సవరించుకున్నాడు. "రెబెక్కమ్మా, దిగు."

దిగింది. అందరూ దిగి, వాన రాకముందే పరుగుల మీద కుప్పలు లాగి తాటాకులు కప్పినారు. ఆ రోజు పని జరుగుతున్నంత సేపూ ఆ పాటే. ఈసారి వరస ఏదీ వదల్లేదు.

మద్రాసు కంపెనీ మళ్ళీ పిలవలేదు. ఆ రికార్డు షాపుల్లో ఎన్నాళ్ళో లేదు. ఉప్పు పాటోళ్ళు మాత్రం మరో ఐదేళ్ళు ఊరూరా తిరిగినారు. మస్తానయ్య కళ్ళు మందగించి మానుకున్నాడు, హెబ్రోను కొడుక్కి కాకుండా కూతురికి డప్పు నేర్పినాడు. అదంతా తరవాతి సంగతి. ఆ రోజు వాన వెలిసిన మరునాడు మాత్రం, పాలెంలో చెంచమ్మ అరుగు మీద రెబెక్కమ్మ నోటుబుక్కు తెరిచి, "మొదటి మాట నువ్వు చెప్పక్కా" అంది. చెంచమ్మ చేప తోముతూ తల ఎత్తకుండానే, "మబ్బు అని రాయి" అంది.