కాలర్ మీద బ్యాంకు, చేతి మీద మెయిల్

నాకు కోపం ఎక్కువ, భయం తక్కువ అని మా ఇంట్లో పేరు. ఎవరు పెట్టారో గాని, ఆ వారం నన్ను చూసి ఉంటే ఆ పేరు వెనక్కి తీసుకునేవాళ్ళు.

నేను టైలర్‌ని. ఇంటి ముందుగదే నా కొట్టు. కిటికీ దగ్గర మిషన్, మధ్యలో కటింగ్ బల్ల, ఎదురు గోడకు వరసగా మేకులు. ఆ మేకులకు గోధుమరంగు కటింగ్ కాగితాలు వేలాడుతుంటాయి. ఒక మేకుకు కాలర్లు, ఒకదానికి చేతులు, ఇంకొకదానికి జేబులు. ప్రతి కాగితం మీద పెన్సిలుతో ఎవరివో కొలతలు ఉంటాయి. అవి నాకు తప్ప ఇంకొకరికి అర్థం కావు. మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. "ఇవి కొలతలా, చేతబడి అంకెలా?" అని ఏడిపిస్తుంటారు. ఆయన బస్సు మా వెనక వీధిలోనుంచే వెళ్తుంది. ప్రతి ట్రిప్పులో మా ఇంటి వెనక్కి రాగానే రెండు పొట్టి హారన్లు కొడతారు. నేనున్నాను, బాగానే ఉన్నాను అని దానర్థం. పెళ్ళయినప్పటినుంచీ అంతే.

చిన్నది, అంటే నా చెల్లెలు, ఒక్క సంచితో మా వెనకగదికి వచ్చి కొన్నాళ్ళయింది. వచ్చిన రోజు దాని చేతుల మీద మచ్చలు చూసి నేనేమీ అడగలేదు. అడిగితే అది ఏడుస్తుందని కాదు, నేను ఏడుస్తానని. పెళ్ళయిన కొత్తలో మా మరిదిని మించిన బంగారం లేదనుకున్నాం. ఇంట్లో బల్బు పోయినా, కుళాయి కారినా "నేనున్నాగా వదినా" అంటూ నిచ్చెన ఎక్కేసేవాడు. తలుపులు మూసుకున్నాక వాడు ఇంకో మనిషని మాకేం తెలుసు?

చిన్నది మా ఇంట్లో ఉందని వాడికి తెలియకూడదు. తెలిస్తే ఈసారి మచ్చలతో పోదని అదే చెప్పింది. వాడు ఒకసారి ఫోను చేశాడు. "నీ పెళ్ళాం ఎక్కడుందో నన్నడుగుతావేం? నా చెల్లెల్ని ఏం చేశావో ముందు నువ్వు చెప్పు!" అని వాడి చెవి తుప్పు వదిలించాను. నోరున్నవాళ్ళకి అదొక లాభం, అబద్ధం కూడా తిట్టులాగే వినిపిస్తుంది. వాడు నమ్మినట్టే ఫోను పెట్టేశాడు.

తర్వాత చిన్నదాని ఫోనుకు సందేశాలు మొదలయ్యాయి. మీ మెయిల్లోకి వేరే ఫోను నుంచి ఎవరో వచ్చారు, అది మీరేనా అని. దానికి వేరే ఊళ్ళో కొత్త ఉద్యోగం దొరికింది, ఎక్కడ చేరాలో వాళ్ళు ఆ మెయిల్‌కే రాస్తామన్నారు. ఆ ఊరి పేరు వాడి కంట పడితే చిన్నదానికి దాక్కోవడానికి ఇంకో చోటు లేదు.

"పాస్‌వర్డ్ ఏం పెట్టుకున్నావే?" అన్నాను.

"అన్నింటికీ ఒకటే అక్కా. పెళ్ళిరోజు."

"ఓసి పిచ్చిదానా! వాడికి గుర్తుండే తేదీ లోకంలో అదొక్కటే కదే!"

ఆ పూటే నడుం కట్టాను. దానివీ మావీ అన్నీ మార్చేశాం. బ్యాంకు, మెయిల్, గ్యాసు, కరెంటు బిల్లు, నాకు ఆర్డర్లొచ్చే పేజీ, ఏదీ వదల్లేదు. ఒకదానికి పెట్టింది ఇంకోదానికి పెట్టలేదు.

"ఇన్ని ఎలా గుర్తుపెట్టుకుంటాం?" అంది చిన్నది.

"గుర్తెందుకు? నా గోడుంది. ఫోనులో దాస్తే ఫోనులోంచి లాగుతారు. కాగితానికి తీగలున్నాయా ఏమన్నా?"

నా దగ్గరికి రావడం మానేసినవాళ్ళ కాగితాలు తీసి, పాత కొలతల మధ్యలో పాస్‌వర్డులు రాశాను. బ్యాంకుది కాలర్ మీద, మెయిల్‌ది చేతి మీద, గ్యాసుది జేబు మీద. చూసేవాళ్ళకు చుట్టుకొలతే, మాకు తాళంచెవి. చిన్నది ఒక్కోటి చదివితే నేను ఒక్కోటి రాసి మేకుకు తగిలించాను. అది వెనకగది దాటి వచ్చింది ఆ ఒక్క పూటే. పనయ్యాక ఇద్దరం గోడ చూసి నవ్వుకున్నాం. అది మా ఇంటికొచ్చాక నవ్వడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ సందేశం. మీ మెయిల్లోకి ఎవరో వచ్చారు.

నిన్న పెట్టిన పాస్‌వర్డ్ అది. ఈ ఇంట్లో ఉన్నవాళ్ళకు తప్ప నరమానవుడికి తెలియదు. చిన్నది మంచం మీద మోకాళ్ళు కావలించుకుని కూర్చుంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు అక్కా," అంది, నా మొహం చూడకుండా. "నువ్వు చెప్పవు, నేను చెప్పను. ఇంకెవరున్నారు?"

"ఏం మాట్లాడుతున్నావే?"

"వాళ్ళిద్దరికీ మొదట్నుంచీ స్నేహమేగా. బావే చెప్పుంటారు."

నేను దాన్ని కొట్టబోయాను. చెయ్యి లేపగానే అది తల రెండు చేతుల్లో దాచేసుకుంది. నా చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో మా ఆయన, భుజాన సంచితో. అంతా విన్నారు.

"చిన్నదానా," అన్నారు మెల్లిగా, "నా బస్సెక్కిన మనిషిని నేను ఇంతవరకూ మధ్యదారిలో దింపలేదమ్మా."

అంతే అని వెళ్ళిపోయారు. నిజం చెప్పొద్దూ, ఆయన వీధి మలుపు తిరిగేదాకా నేనూ ఆయన వీపునే చూశాను. కంచే చేను మేసిందా అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. ఆ పొద్దున ట్రిప్పులో బస్సు వెనక వీధిలోంచి వెళ్ళిన చప్పుడు వినిపించింది గాని, హారన్ మోగలేదు.

పదింటికల్లా నేను మళ్ళీ గోడ దగ్గరికెళ్ళాను. చేతి కాగితం తీసి, రాసింది చెరిపి, కొత్తది రాస్తున్నాను. తల పైన ఎక్కడో జిర్రుమని చిన్న చప్పుడయింది. బీరువా మీదున్న కెమెరా.

ఒకప్పుడు కొట్టులో రెండు తాన్లు పోతే పెట్టించిన కెమెరా అది. ఎప్పుడూ వీధి తలుపు వైపే చూస్తుంది. ఇప్పుడు గోడ వైపు చూస్తోంది. నేను మిషన్ దగ్గరికి నడిచాను. జిర్ర్. నాతో పాటు తిరిగింది. వీధి తలుపు దగ్గరికి వెళ్ళాను. జిర్ర్.

దాన్ని ఎవరు బిగించారో అప్పుడు గుర్తొచ్చింది. నిచ్చెన మీద మరిది, కింద నిచ్చెన పట్టుకుని నేను. "నేనే అంతా పెట్టేశాను వదినా, మీరేం నొక్కక్కర్లేదు" అన్న మాట. ఇంట్లో ఉన్న ప్రతి పాస్‌వర్డ్ మార్చాను. ఇది నన్నెప్పుడూ పాస్‌వర్డ్ అడగలేదు కాబట్టి దీనికొకటుందని తట్టనే లేదు. తాళం వేశాను, గొళ్ళెం మరిచాను. పైగా తాళంచెవులన్నీ తీసుకెళ్ళి సరిగ్గా దాని కళ్ళెదుట తగిలించాను. చిన్నది పైకి చదివింది కూడా.

"వదినా."

గొంతు బీరువా మీంచి వచ్చింది. నా చేతిలో పెన్సిలు జారిపోయింది.

"ఆ కాగితం కొంచెం ఇటు తిప్పండి. చివరి అంకె కనబడట్లేదు."

ఆ మర్యాద, ఆ 'అండి', నిచ్చెన మీది గొంతే అది. ఏమీ మారలేదు.

"దాన్ని కంగారు పెట్టకండి. పాపం, పొద్దున్నించీ దగ్గుతోందిగా. నేను వచ్చి మాట్లాడతాలెండి."

తీగ పీకెయ్యడానికి చెయ్యి పోయింది. ఆగాను. పీకితే చిన్నది పారిపోతోందని వాడికి చెప్పినట్టే. అది ఇంట్లోనే ఉందని వాడు అనుకున్నంతసేపే దానికి దారి.

"రా నాయనా, రా," అన్నాను. నా గొంతు నేనే గుర్తు పట్టలేనట్టుంది. "పెద్దమనిషిలా కూర్చుని మాట్లాడు. నా పని నన్ను చేసుకోనీ."

మిషన్ ముందు కూర్చుని, కెమెరాకు వీపు అడ్డం పెట్టి, ఒళ్ళో ఉన్న నల్లగుడ్డ మీద సుద్దతో రాశాను. *మాట్లాడకు. కెమెరాలో వాడే. వస్తున్నాడు. వెనక తలుపు. బావ బస్సెక్కు. చివరి స్టాపు దగ్గరే పోలీస్ స్టేషన్.* సుద్ద రెండుసార్లు విరిగింది. గుడ్డ మడిచి, దారం కోసం వెళ్తున్నట్టు వెనకగదికి వెళ్ళాను. కెమెరా కన్ను గుమ్మం దాకా నాతో వచ్చి ఆగింది.

చిన్నది చదివింది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. 'బావ' అన్న మాట మీద వేలు పెట్టి నావైపు చూసింది. నేను తలూపాను. ఆ చూపులో సిగ్గుందో, అనుమానం ఇంకా మిగిలుందో చూసే తీరిక లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

వచ్చి పెడల్ తొక్కడం మొదలుపెట్టాను. సూదిలో దారం లేదు. అయినా తొక్కాను. మధ్యమధ్యలో ఖాళీ గదివైపు తిరిగి, "చిన్నదానా, మంచినీళ్ళు తాగు," "పడుకోవే కాసేపు," అంటూ ఉన్నాను. ఇంట్లో మనిషి లేకపోయినా మాట్లాడుతుంటే నాకే ఒళ్ళు గగుర్పొడిచింది. ఇంకా బస్సు రాలేదు. చిన్నది వెనక వీధిలో, ఎండలో, స్టాపు దగ్గర ఒక్కతీ నిలబడి ఉంటుంది. వాడు ఆ దారినే వస్తే?

కాళ్ళు నొప్పెట్టి లేచాను. జిర్రుమనలేదు. బల్ల చుట్టూ తిరిగాను. కెమెరా కదల్లేదు. హమ్మయ్య, విసుగొచ్చి మానేశాడు అనుకుని అడుగు వేశానో లేదో, అక్కడే ఆగిపోయాను. వాడు చూడటం మానేశాడంటే ఫోను జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడంటే వచ్చేశాడు.

గేటు కిర్రుమంది.

"వదినా, తలుపు తియ్యండి." ఈసారి గొంతు బీరువా మీంచి కాదు.

నేను గొళ్ళెం వేసి, కటింగ్ బల్ల లాగి తలుపుకి అడ్డం పెట్టాను. వాడు మొదట తట్టాడు. తర్వాత భుజంతో నెట్టాడు. తర్వాత తన్నాడు. 'అండి' పోయింది. ఇన్నాళ్ళూ చిన్నది తలుపులు మూసుకుని విన్న గొంతు నేను మొదటిసారి విన్నాను. బల్ల మీద కత్తెర ఎగిరెగిరి పడుతోంది. వీధిలోకి అరిస్తే వాడు బెదిరి పారిపోతాడు. పారిపోతే స్టాపు వైపే పోతాడు.

అప్పుడు వెనక వీధిలో బస్సు ఆగిన చప్పుడు. తలుపు తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు. ఇంజను గురకపెట్టి కదిలింది.

రెండు పొట్టి హారన్లు.

గొళ్ళెం మేకు ఒకటి ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. నేను రెండు చేతులూ బల్లకు ఆనించి, ఖాళీ గదివైపు మొహం తిప్పి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"చిన్నదానా, లోపల గొళ్ళెం వేసుకో! నేను చెప్పేదాకా బయటికి రాకు!"